టవరు మీద పడ్డ నింద

డ్రోన్లు కట్టుకునే పిల్లలు నాకింకా ఫోన్లు చేస్తూనే ఉంటారు. షాపు నుంచి తప్పుకుని ఇంట్లో కూర్చున్నా ఈ గోల వదల్లేదు. నిజానికి వదలాలని నేనూ పెద్దగా కోరుకోలేదు. అందరి ప్రశ్నా ఒకటే: "అంకుల్, ఏ జీపీఎస్ మాడ్యూల్ కొనమంటారు?" ఏది కొన్నా కొంపలు మునిగిపోవు నాయనా, కొన్నదాన్ని ఎక్కడ బిగిస్తావో అది ఆలోచించుకో, అంటాను. ఆ జవాబు వాళ్లకి రుచించదు. కొనడంలో ఉన్న సరదా బిగించడంలో ఎక్కడుంటుంది! అందుకని ఈసారి సలహా మానేసి నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇందులో మాడ్యూల్ ఉంది, దాని సిగ్నల్‌కి అడ్డం పడిన వస్తువు ఉంది, ఒక పెద్దాయన చేతికి పడ్డ కుట్లున్నాయి. పేర్లు మాత్రం చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందరూ చోడవరం వస్తూ పోతూ ఉంటారు.

చోడవరంలో బస్సు కాంప్లెక్సుకి దగ్గర్లో మా షాపు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు, డిష్షులు, సెల్‌ఫోన్లు అన్నీ విప్పి, చివరి కొన్నేళ్లు డ్రోన్ల దగ్గర ఆగాను. డిష్షుల కాలంలో పరిచయమైన ఒకతను నాకు భాగస్వామిగా చేరాడు. చేతిపనిలో అతనికి వంక పెట్టలేం. వెంట్రుకంత తీగని కూడా చెయ్యి వణక్కుండా అతికించేవాడు. ఒక్కటే జబ్బు, కస్టమరు నోరు తెరవగానే జవాబు చెప్పేసేవాడు. సగం సార్లు అది నిజమయ్యేది కూడా, అందుకే ఆ జబ్బు నయం కాలేదు. నా పద్ధతి వేరు. విప్పి చూసి, మీటరు పెట్టి, అప్పుడు గాని మాట్లాడను. "మీరు సెప్పే టైముకి కస్టమరు ముసిలోడైపోతాడండి" అని అతను నన్ను ఆట పట్టించేవాడు. నువ్వు చెప్పాక కస్టమరు మళ్లీ వస్తాడులే అని నేననేవాణ్ని.

పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. డ్రోనుకి పెట్టే జీపీఎస్ మాడ్యూల్ బిస్కట్ అంత గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. లోపల పింగాణీ బిళ్ల లాంటి చిన్న యాంటెన్నా, ముఖం ఆకాశం వైపు. శాటిలైట్ల నుంచి దానికి అందే సిగ్నల్ ఎంత నీరసంగా ఉంటుందంటే, పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం మధ్య ఎవరో మన చెవిలో గుసగుసగా మాట్లాడినట్టుంటుంది. డ్రోనులో మిగతా సామానంతా ఆ బ్యాండు మేళమే. కెమెరా వైరు, బొమ్మ పంపే ట్రాన్స్‌మిటరు, బ్యాటరీ తీగలు, అన్నీ గోల చేసేవే. అందుకని మాడ్యూల్‌ని వాటికి దూరంగా, ఒక చిన్న పుల్ల మీద ఎత్తుగా నిలబెడతాం. దాని కింద రాగి రేకు పరుస్తాం, కింది గోల పైకి రాకుండా. కింద రేకు, పైన ఖాళీ ఆకాశం. ఇంతే విద్య. ఆ మాడ్యూల్ సరిగా పనిచేస్తే డ్రోను తాను బయల్దేరిన చోటు గుర్తు పెట్టుకుంటుంది, బ్యాటరీ అయిపోవస్తే తనంతట తానే అక్కడికి తిరిగొస్తుంది. చోటు గుర్తు లేకపోతే, ఎక్కడుంటే అక్కడే కిందికి దిగిపోతుంది.

రోలుగుంట వెళ్లే దారిలోని ఒక ఊరి నుంచి ఒక కస్టమరు వచ్చేవాడు. ముప్పై దాటినవాడు. విశాఖ వైపు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. సెలవు రోజున ఊరొచ్చి డ్రోను ఎగరేసేవాడు. చెరుకు తోటలు, బెల్లం పెనాల పొగ, వరి మళ్లలో కొంగలు, ఇవన్నీ పైనుంచి తీసి ఫోన్లో అందరికీ పంపేవాడు. పిచ్చి అంటే పిచ్చే, కానీ మంచి పిచ్చి. డ్రోను మొత్తం తన చేత్తోనే కట్టుకున్నాడు, మాడ్యూల్ ఒక్కటే మా దగ్గర కొన్నాడు.

ఒక రోజు ఆ డ్రోనుని సంచిలో వేసుకుని వచ్చాడు. చేతుల నిండా చెరుకాకు గీరిన గాట్లు.

"ఇంటికి రమ్మంటే పక్కోల తోటలో దిగీసిందండి. ఎతకలేక సచ్చేను."

మేడ మీదికి తీసుకెళ్లి చూశాం. రావాల్సిన శాటిలైట్లలో సగం కూడా రావడం లేదు. మాడ్యూల్ నెత్తి మీద దేవుడి బొమ్మ స్టిక్కరు అంటించి ఉంది. నేను దాన్ని చూశాను. ప్లాస్టిక్ స్టిక్కరు సిగ్నల్‌ని ఆపదు, అది ఖాయం, అందుకని వదిలేశాను. నా భాగస్వామి అప్పటికే స్క్రూడ్రైవరు తీశాడు. "మాడ్యూల్ పోయిందండి, సవక సరుకు" అంటూ దాన్ని పీకి తుక్కు డబ్బాలో పడేసి కొత్తది బిగించాడు. వైర్లు మెలిపెట్టాం, రేకు పరిచాం. మళ్లీ మేడ మీద పెడితే శాటిలైట్లు బిలబిలమంటూ వచ్చేశాయి. అతను సంతోషంగా ఇంటికి పోయాడు, మేం టీ తాగాం.

తర్వాతి సెలవుకి ఊర్నుంచి ఫోన్ చేశాడు. కొత్త మాడ్యూల్‌కి ఒక్కటంటే ఒక్క శాటిలైటూ దొరకడం లేదట. ఆ సమయానికి నేను బ్యాంకుకి వెళ్లాను. ఫోను నా భాగస్వామి ఎత్తాడు. ఆ సంభాషణ ఎలా జరిగిందో తర్వాత ఇద్దరి నోటా విన్నాను, తేడా లేదు.

"మీ ఊల్లో సెల్ టవరుందా?"

"ఉందండి. టిఫిను కొట్టావిడ మేడ మీద."

"ఇంకేటి మరి? అదే. దాని పవరుకి సిన్న సిగ్నలు నిలబడతాదేటి? కొంచెం ఎత్తుకి లేపి సూడు, పైన గోల తగ్గుతాదేమో."

అతను లేపాడు. గోల తగ్గలేదు. జీపీఎస్ లేని డ్రోను గాలివాటుకి కొట్టుకుపోతుంది, చేత్తో పట్టి తిప్పాలి. అతను తిప్పుతూనే ఉన్నాడు, అది రోడ్డు వైపు జరుగుతూనే ఉంది. ఇంతలో బ్యాటరీ తగ్గింది. డ్రోనుకి ఇల్లెక్కడో తెలీదు. ఎక్కడుందో అక్కడే దిగడం మొదలుపెట్టింది. కింద టిఫిను కొట్టు. కొట్టు ముందు బల్ల మీద ఒక పెద్దాయన ఇడ్లీ తింటున్నాడు. వయసులో ఉన్నప్పుడు బెల్లం వండేవాడు, ఆ చుట్టుపక్కల ఆయన పాకం పట్టాడంటే తిరుగులేదని పేరు. నెత్తి మీదికి ఏదో వస్తోందని చెయ్యి అడ్డం పెట్టాడు. రెక్క మోచేతి కింద కోసేసింది. చోడవరం తీసుకొచ్చి కుట్లు వేయించారు.

ఊళ్లో ఆ సాయంత్రానికే తీర్పు అయిపోయింది. తప్పు టవరుది. సిటీ మెకానిక్కే ఫోన్లో చెప్పాడట. మా షాపు సిటీ ఎప్పుడైందో నాకు తెలీదు. ఆ టవరు మీద అప్పటికే లోపల లోపల గుర్రుగా ఉన్నవాళ్లు చాలామంది. తలనొప్పి టవరు వల్లే, కొబ్బరి కాయకపోవడం టవరు వల్లే, పిచ్చుకలు కనపడకపోవడం టవరు వల్లే. ఇప్పుడు ఒక చేతికి కుట్లు కూడా పడ్డాయి, ఇంకేం కావాలి. టవరు ఒప్పందం గడువు దగ్గర పడింది. ఊరు వద్దంటే కంపెనీ వాళ్లు మరో ఊరు చూసుకుంటామన్నారు. ఆదివారం అందరూ కూర్చుని మాట్లాడుకుందామని అనుకున్నారు. కొట్టు దగ్గర టిఫిను తినేవాళ్లు కూడా తగ్గిపోయారు.

ఈ సంగతులన్నీ మాకు చెప్పింది ఆ టిఫిను కొట్టావిడే. ఒక మధ్యాహ్నం తనే షాపుకొచ్చింది. నలభై అయిదు ఉంటాయేమో. మొగుడు పోయాడు, కూతురు నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల హాస్టలు ఖర్చు టవరు అద్దె మీదే నడుస్తోంది. మా ముందు నిలబడి గొంతు పెంచకుండా అడిగింది.

"టవరు వల్ల పడిపోనాదని సెప్పింది మీలో ఎవురు బాబూ?"

నా భాగస్వామి చేతిలో ఉన్న బోర్డుని అంతకు ముందెప్పుడూ చూడనట్టు చూడసాగాడు.

"తగువుకి రానేదు. నాకు సదువు నేదు, ఈ సిగ్నల్లూ అయ్యీ నాకు తెల్దు. ముసిలాయన సెయ్యి నా కల్ల ముందే తెగింది. రగతం నేనే కడిగేను. నిజంగా నా టవరు వల్లయితే నానే తీయించీస్తాను, మా గుంట సదువు ఏటయితే అదవుద్ది. కానీ వచ్చి సూసి సెప్పండి. సూడకుండా సెప్పకండి."

చివరి మాట నా భాగస్వామికి తగిలింది. ఆవిడ వెళ్లాక బోర్డు కింద పెట్టాడు. "ఆదివారం మీరెల్తారా? నాను ఎల్తే మళ్లీ ఏదోటి అనీసి వస్తాను" అన్నాడు. నాకు అతని మీద కోపం వచ్చింది గాని, ఆ మాటతో సగం పోయింది.

ఆదివారం పొద్దున్న రోలుగుంట బస్సెక్కాను. సంచిలో పాత ల్యాప్‌టాప్, అదే రకం మాడ్యూల్ ఇంకోటి. దిగగానే సరాసరి టిఫిను కొట్టుకే వెళ్లి, సరిగ్గా టవరు కింద, ఆ పెద్దాయన దెబ్బ తిన్న బల్ల మీదే మాడ్యూల్ పెట్టాను. పెద్దాయన అక్కడే ఉన్నాడు, చేతికి కట్టుతో. కొట్టు మానలేదు మరి.

"ఏటి బాబూ, ఇదీ ఎగురుతాదా? ఎగిరితే సెప్పు, మొహమాటపడకు, ఆ బల్ల మీద కూకుంటాను."

ఎగరదని చెప్పాను. అయినా ప్లేటు తీసుకుని కొంచెం దూరం జరిగాడు.

తెర మీద ఒక్కో శాటిలైటుకి ఒక్కో పచ్చ చార లేస్తుంది. చూస్తూ ఉండగానే తెర నిండిపోయింది. మా షాపు మేడ మీద కంటే ఒకటి రెండు ఎక్కువే. టవరు నెత్తిన ఉండగా, దాని కిందే. మరి టవరు ఏం పాపం చేసినట్టు? ఆవిడ అట్లకాడ పట్టుకుని నా మొహం చూస్తోంది. నేను ల్యాప్‌టాప్ మూసి లేచాను. డ్రోను కూడా చూడందే సగం మాట చెప్పడం నాకిష్టం లేదు.

కస్టమరు ఇల్లు అక్కడికి నాలుగు ఇళ్ల అవతల. డ్రోనుకి విరిగిన రెక్కలు మార్చి అరుగు మీద పెట్టి ఉంచాడు. బ్యాటరీ తగిలించి చూపించాడు. తెర మీద ఒక్క చార లేదు. నా మాడ్యూల్‌ని దాని పక్కనే పెట్టాను. నిండా చారలు. ఒకే అరుగు, ఒకే ఆకాశం, జానెడు దూరం.

"అదేటండీ!" అన్నాడతను. ఇంతలో ఎవరో వచ్చి జనం పోగవుతున్నారని పిలిస్తే, నేను చూస్తుంటానని చెప్పి అతన్ని పంపించాను.

అతని తల్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. టవరు మీద ఆవిడకి ఉన్న కోపం ఇంతా అంతా కాదు. ఆవిడా టిఫిను కొట్టావిడా ఒదినా ఒదినా అనుకుంటూ ఒకే రోటి దగ్గర పెరిగిన మనుషులట. ఇప్పుడు మాటల్లేవు.

"అది అద్దె తినడానికి నా కొడుకు మీదకి పోలీసులొచ్చీలాగ సేసింది బాబూ. ఆ టవరు గాలి అలాటిది. ఎంత రక్ష ఎడితే మట్టుకు ఆగుతాది?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఏం రక్షమ్మా?"

ఆవిడ వీధి వైపు చూసి, గొంతు తగ్గించి, డ్రోను నెత్తి మీద ఉన్న దేవుడి బొమ్మ చూపించింది. కొత్త మాడ్యూల్ మీద కూడా స్టిక్కరు అంటించి ఉంది. ఈసారిది కొంచెం ఉబ్బెత్తుగా ఉంది.

"మాడుగుల అవతల పూజారి దగ్గర రేకు రాయించి తెస్తాను. మోటరు సైకిలికి ఎట్టేను, బోరు మోటారుకి ఎట్టేను, దేనికీ ఏటీ అవనేదు. దేనికయినా నెత్తి మీదే ఎట్టాల. దీని నెత్తి అదే గదా? మావోడు సూస్తే పీకీస్తాడని బొమ్మ కింద ఎట్టేను. మొదటిసారి ఒకటే ఎట్టేను, తోటలో పడ్డాది. ఒకటి సాలనేదనుకొని కొత్తదానికి రెండెట్టేను."

నాకు ఒక్కసారిగా నవ్వు, నీరసం రెండూ వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆవిడ ఆలోచనలో తప్పేం లేదు. డ్రోనులో అన్నిటికంటే ఎత్తైన చోటు, పైవాడికి దగ్గరగా ఉండే చోటు ఎంచుకుంది. మాడ్యూల్ పెట్టడానికి మేమూ అదే చోటు ఎంచుకున్నాం, అదే కారణంతో.

స్టిక్కరు అంచు గోటితో లేపాను. వేలెడు వెడల్పున్న రాగి రేకులు రెండు, పక్కపక్కనే, సందు లేకుండా, సన్నటి అక్షరాలతో. పింగాణీ బిళ్ల మీద మూత పెట్టినట్టు.

"అది తియ్యకు బాబూ, రక్ష అది" అని ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయింది.

"ఒక్క నిమిషం చూడమ్మా, మళ్లీ నీకే ఇచ్చేస్తాను" అని ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాను. ఒక రేకు తీశాను. కాసేపటికి నాలుగైదు చారలు లేచాయి, నీరసంగా, పడుతూ లేస్తూ. రెండోది తీశాను. తెర నిండిపోయింది. ఆవిడ తెర వైపు చూసింది, నా చేతిలో రేకుల వైపు చూసింది. ఒక రేకు తీసుకుని మళ్లీ మాడ్యూల్ మీద తనే పెట్టింది. చారలు పడిపోయాయి. తీసింది, లేచాయి. ఆ తర్వాత అరుగు మీద కూర్చుండిపోయింది.

ఆవిడకి అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. మిగిలిన మజ్జిగ తాగేశాను. రేకులు ఆవిడ చేతిలో పెట్టి, స్టిక్కరు మళ్లీ అంటించి, సామాను సర్దుకుని కొట్టు దగ్గరికి నడిచాను.

అప్పటికి జనం బాగానే చేరారు. కుర్చీల్లో పెద్దమనుషులు, చుట్టూ మిగతావాళ్లు. టిఫిను కొట్టావిడ పొయ్యి ఆర్పలేదు, అట్టు వేస్తూనే ఉంది. కానీ ఆ అట్టు మాడుతోంది. దారిలోనే ఒక నిర్ణయానికొచ్చాను. టవరుని ఈ నిందలోంచి బయట పడెయ్యాలి, ఆ తల్లిని ఇందులోకి లాగకూడదు. పెద్ద కష్టమేం కాదు, రిపేరు షాపు వాడు తప్పు తన మీద వేసుకుంటే ఎవరూ మారు మాట అడగరు.

"టవరు కింద పెట్టి చూశాను. సిగ్నలు శుభ్రంగా వస్తోంది. లోపం డ్రోనులోనే ఉంది. మాడ్యూల్ బిగింపులో పొరపాటు. అది సరిచేశాను. టవరుకి ఏ సంబంధమూ లేదు" అన్నాను.

"మరి మీ షాపోలే టవరన్నారు గదా?" అన్నాడు కుర్చీలోంచి ఒకాయన.

"చూడకుండా అన్నాం. ఇప్పుడు చూసి చెబుతున్నాను."

"అయితే సెయ్యి కోసింది మీరన్నమాట" అన్నాడు పెద్దాయన కట్టు పైకెత్తి. కోపంగా అనలేదు, లెక్క తేల్చుకుంటున్నట్టు అన్నాడు. జనంలో గుసగుసలు లేచాయి. మా కస్టమరు మొహం ఎర్రబడింది. "బిగింపు నా ఎదురుగానే సేసేరు గదండీ, నాను సూసేను. బానే ఉంది గదా!" అన్నాడు. మంచి ప్రశ్నే. షాపు పరువు ఆ రోజుకి పోతే పోయిందనుకున్నాను, కొంచెం బాధగానే.

"బిగింపు కాదు."

అందరూ వెనక్కి తిరిగారు. అతని తల్లి. నా వెనకే వచ్చిందని నాకు తెలీదు. చెయ్యి చాపి రేకులు చూపించింది.

"నానే ఎట్టేను. బొమ్మ కింద, మావోడికి తెలీకుండా. వీటి వల్లే దానికి కల్లు మూసుకుపోనాయి. ఈ బాబుది తప్పు నేదు, టవరుదీ నేదు." పెద్దాయన వైపు తిరిగింది. "మావా, నీ సెయ్యి కోసింది నానే."

కొడుకు వంగి ఆ రేకుల్ని చూశాడు. నేను కప్పిపుచ్చుదామనుకున్నది ఆవిడ నలుగురి ముందూ విప్పి పరిచేసింది. ఆవిడకి నా సాయం అక్కర్లేకపోయింది.

పెద్దాయన కట్టు కట్టిన చేతిని కాసేపు చూసుకున్నాడు. "దేవుడి రేకు కోసిందా? మరి తొరగానే మానుతాదిలే" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. కుర్చీలు కదిలాయి. మాట్లాడుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

తల్లి మాత్రం ఇంటికి వెళ్లలేదు. టిఫిను కొట్టావిడ ఎదురుగా పోయి నిలబడింది. ఊరంతా ఆవిడ మీదికి వెళ్లింది తను పెట్టిన రేకుల వల్లే. కొట్టావిడ మాడిన అట్టుని పెనం మీది నుంచి గీకి పక్కన పడేసింది. మళ్లీ పిండి పోసింది.

"ఎండలో నిలబడతావేటి ఒదినా. ఇలా లోనికొచ్చి కూకో. ఉల్లిపాయలు కొయ్యి" అంది.

ఆవిడ లోపలికెళ్లి కత్తిపీట ముందు కూర్చుంది.

బస్సుకి ఇంకా టైముంది. కొట్టులో అట్టు పెట్టారు, తిన్నాను. బాగుంది. కస్టమరు నా పక్కన కూర్చుని ఏవేవో సాంకేతిక ప్రశ్నలు అడిగాడు, తల్లి వైపు చూడకుండా ఉండడానికే అనుకుంటాను. రేకుల్ని మాడ్యూల్ కింద పెట్టుకోవచ్చు, మంచిదే, మీ అమ్మకి కూడా తృప్తిగా ఉంటుంది అని చెప్పాను. అతను తలూపాడు. కాసేపటికి లేచి లోపలికెళ్లి తల్లి పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టాడు. పోలీసులూ రాలేదు, ఏమీ రాలేదు. పెద్దాయన కుట్లు విప్పేదాకా ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే బాధ్యత అతను నెత్తిన వేసుకున్నాడు. టవరు అక్కడే ఉంది, కొట్టావిడ కూతురు చదువు పూర్తి చేసుకుందని విన్నాను.

మా షాపులో కూడా ఒక మార్పు వచ్చింది. నా భాగస్వామి ఆ సాయంత్రం అంతా విని, తుక్కు డబ్బా బోర్లించి మొదటి మాడ్యూల్ వెతికి, స్టిక్కరు లేపి చూశాడు. ఒక రేకు ఉంది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఫోన్లో ఎవరికీ రోగం పేరు చెప్పలేదు. "తెచ్చి సూపించండి" అనేవాడు. రెండు నెలలు. తర్వాత మామూలే.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ అసలు నాకు ఆ రోజు గుర్తుండిపోయింది దీని వల్ల కాదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే ఆ తల్లి కొట్టులోంచి వచ్చింది. చేతులకి ఉల్లిపాయ వాసన. ఉల్లిపాయల వల్లేనో మరెందుకో కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాబూ, ఒక మాట. మీరు ఒక రేకు తీసినప్పుడు కొన్ని సారలు వచ్చేయి గదా. నాను సూసేను."

"అవునమ్మా."

"మొదటిసారి ఒకటే ఎట్టేను. అప్పుడది మా పక్కోల తోట కాడికే వచ్చింది, ఎవుల్నీ ఏటీ సెయ్యనేదు. భయమేసి రెండోది ఎట్టేను." ఆగింది. "ఆ రెండోది ఎట్టకపోతే మావ సెయ్యి తెగేది కాదు గదా?"

నా చేతికి తెలిసిన పని ఒకటే, మీటరు ఏం చూపిస్తే అది చెప్పడం. కస్టమరు ఏడ్చినా, తిట్టినా, మీటరు చూపించిన దానికి ఒక్క అంకె కలిపింది లేదు, తీసింది లేదు. దూరంగా బస్సు కనిపిస్తోంది. ఆవిడ నా నోటి వైపే చూస్తోంది.

"ఆ కొన్ని చారలు ఎందుకూ పనికిరావమ్మా. ఒకటున్నా పడేది, రెండున్నా పడేది. తేడా లేదు. మొదటిసారి తోటలో దిగడం అదృష్టం, అంతే" అన్నాను.

"మిషను అలాగే సెప్పిందా?"

"అలాగే చెప్పింది."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. కొంగుతో మొహం తుడుచుకుని, "జాగర్తగా ఎల్లండి బాబూ" అని కొట్టులోకి వెళ్లిపోయింది. నేను బస్సెక్కాను.

మీరు రేపు డ్రోన్లు కట్టుకునేవాళ్లు, మీకు తప్పుడు లెక్క చెప్పకూడదు. ఆ నాలుగైదు చారలే మొదటిసారి దాన్ని తోట దాకా తెచ్చాయి. ఒక్క రేకే ఉండి ఉంటే, రెండోసారి కూడా అది చెరుకు తోటలోనే దిగేది.